నెల్లూరు నుంచి తొలి హాఫ్ మారథాన్: పదహారు వారాల్లో 21 కిలోమీటర్లకు సిద్ధం కావడం ఎలా?

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియమైనా, ఒంగోలు మినీ స్టేడియమైనా తెల్లవారుజామున రెండు రకాల వాళ్లు కనిపిస్తారు. షుగరు, బీపీ కోసం చేతులూపుకుంటూ నడిచే పెద్దవాళ్లు ఒక రకం. కానిస్టేబుల్ సెలక్షన్లకు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు రెండో రకం. ఆ కుర్రాళ్లు 1600 మీటర్లు 8 నిమిషాల్లోపు ముగించాలి, అంటే కిలోమీటరుకు 5 నిమిషాలు. మన ఊళ్లలో పరుగంటే అందరికీ తెలిసింది ఇదే. ఊపిరి అందనంతగా లగెత్తడం, ఆఖర్న మోకాళ్లు పట్టుకుని ఆయాసపడటం.

హాఫ్ మారథాన్ 21.1 కిలోమీటర్లు. ఆ పద్ధతిలో మొదలుపెడితే ఆరో కిలోమీటరు దాటకముందే పని అయిపోతుంది. కొత్తవాళ్లు సగంలో మానేయడానికి, పిక్కలు పట్టేసి నెలల తరబడి ఇంట్లో కూర్చోవడానికి నేను చూసినంతలో ముఖ్య కారణం స్పీడే. దూరం భయపెడుతుంది గానీ దెబ్బ తీసేది వేగం. కింద చెప్పే పద్ధతంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

ముందు రేసు తేదీ ఖాయం చేసుకోండి

తేదీ లేని ప్రాక్టీసు వానాకాలం చదువులా సాగుతుంది. మనకు అందుబాటులో ఉన్న పెద్ద రేసులు మూడు. హైదరాబాద్ మారథాన్ మామూలుగా ఆగస్టు చివర్లో, వైజాగ్ నేవీ మారథాన్ నవంబరు, డిసెంబరు ప్రాంతంలో, చెన్నై మారథాన్ జనవరి మొదట్లో జరుగుతాయి. తేదీలు ఏటా కొంచెం అటూ ఇటూ అవుతాయి కాబట్టి నిర్వాహకుల సైట్‌లో చూసుకోవాలి. హాఫ్ ఎన్ని గంటల్లోపు పూర్తి చేయాలనే గడువు కూడా అప్పుడే చూడండి.

నన్నడిగితే తొలిసారి చెన్నైకే వెళ్లమంటాను. హైదరాబాద్ రేసుకు తయారవ్వాలంటే అసలైన ప్రాక్టీసు మే, జూన్ నెలల్లో పడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో మన మోకాళ్లను పెట్టడం ఎందుకు? పైగా అక్కడ ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి. వైజాగ్‌లో బీచ్ రోడ్డు వెంట పరుగెత్తడం బాగుంటుంది గానీ ప్రయాణం ఎక్కువ. చెన్నై మనకు దాదాపు 175 కిలోమీటర్లు, రైల్లో మూడు గంటలు. రోడ్లు చాలావరకు చదును. సముద్రపు గాలి, ఉక్కపోత మనకు కొత్త కాదు. జనవరి తెల్లవారుజామున వాతావరణం కూడా చల్లగా ఉంటుంది.

జనవరి మొదటి వారం నుంచి పదహారు వారాలు వెనక్కి లెక్కిస్తే సెప్టెంబరు మధ్యలో మొదలుపెట్టాలి. ఆగకుండా 45 నిమిషాలు నడవలేని వాళ్లు జులైలోనే దిగాలి. మొదటి రెండు మూడు వారాలు వట్టి నడక, తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. సెప్టెంబరు నాటికి నడుస్తూ పరుగెడుతూ 5 కిలోమీటర్లు పూర్తి చేయగలిగితే చాలు.

నలభై దాటినవాళ్లు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు, సిగరెట్ తాగేవాళ్లు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు ముందు డాక్టర్‌ని కలవండి. ఈసీజీ, అవసరమైతే ట్రెడ్‌మిల్ టెస్టు చేస్తారు. మెట్లెక్కితే ఛాతీలో బరువుగా ఉండటం, పరుగులో కళ్లు తిరగడం లాంటివి ఎప్పుడైనా జరిగి ఉంటే వయసుతో పనిలేదు, చూపించుకోవాల్సిందే.

షూస్‌కి డబ్బు పెట్టండి, మిగతావాటికి తర్వాత

వాచీ, బెల్టు, ప్రత్యేకమైన సాక్సులు ఏవీ లేకపోయినా నడుస్తుంది. షూస్ మాత్రం రన్నింగ్ కోసం చేసినవే కొనాలి. కాలేజీకి వేసుకెళ్లే స్నీకర్స్, క్రికెట్ ఆడే కాన్వాస్ షూస్ పనికిరావు. షాపుకి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. లాంగ్ రన్‌లోనూ, అంటే వారానికోసారి చేసే ఎక్కువ దూరం పరుగులోనూ అలాగే ఉబ్బుతాయి. నిలబడి చూసినప్పుడు పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. లేకపోతే గోళ్లు నల్లబడి ఊడిపోతాయి. మడమ జారకూడదు, ముందు భాగం బిగుతుగా ఉండకూడదు. ఖరీదైన కార్బన్ ప్లేట్ షూస్ తొలి రేసుకు అక్కర్లేదు. ఒక జత మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్ల వరకు వస్తుంది కాబట్టి సెప్టెంబరులో కొన్నది రేసుకూ సరిపోతుంది.

నూలు బనియన్ చెమటకు తడిసి ఒంటికి అంటుకుని ఒరుసుకుంటుంది. పాలిస్టర్ టీషర్టు మేలు. చంకల్లో, తొడల మధ్య, మగవాళ్లయితే చనుమొనల మీద వాజ్‌లైన్ రాసుకోండి. సిగ్గుపడి మానేసినవాళ్లకు పదిహేనో కిలోమీటరు తర్వాత స్నానంలో నీళ్లు పడగానే తెలిసొస్తుంది. ఆడవాళ్లకు షూస్ తర్వాత ముఖ్యమైనది మంచి స్పోర్ట్స్ బ్రా. అలవాటులేని వీధిలో ఒంటరిగా మొదలుపెట్టడం కంటే ముందు నెలరోజులు స్టేడియంలో, ఆ తర్వాత ఇద్దరు ముగ్గురితో కలిసి రోడ్డు మీదికి రావడం సులువు. "ఎవరు తరుముతున్నారబ్బా?" అని అడిగేవాళ్లు ఆడా మగా తేడా లేకుండా అందరికీ తగులుతారు. రెండు వారాలకు వాళ్లకే అలవాటైపోతుంది.

మాట్లాడుతూ పరుగెత్తండి

ప్రాక్టీసులో నూటికి ఎనభై వంతులు ఈ వేగంలోనే జరగాలి. పక్కనున్న మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. "ఆ... సరే... చూద్దాం" అంటూ ముక్కలు ముక్కలుగా మాట వస్తుంటే తగ్గించాలి. ఒంటరిగా ఉంటే ఫోన్లో ఇంటికి చేసి మాట్లాడి చూడండి, అవతలివాళ్లు "ఏంది, రొప్పుతున్నావ్?" అంటే వేగం ఎక్కువైనట్టే.

చాలామందికి ఈ వేగం కిలోమీటరుకు ఏడున్నర, ఎనిమిది, కొందరికి తొమ్మిది నిమిషాలు పడుతుంది. నడిచేవాళ్లు పక్కనుంచి దాటిపోతున్నట్టు అనిపిస్తుంది. పోనివ్వండి. ఇలా నెమ్మదిగా ఎక్కువసేపు పరుగెత్తినప్పుడే గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది, కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, ఒళ్లు కొవ్వును ఎక్కువగా వాడుకోవడానికి అలవాటు పడుతుంది. ఊపిరితిత్తులు రెండు మూడు వారాల్లోనే మెరుగైనట్టు అనిపిస్తాయి. ఎముకలకు, కండరాన్ని ఎముకతో కలిపే టెండన్లకు నెలలు పడతాయి. దమ్ము ఉంది కదా అని ఐదో వారంలో స్పీడు పెంచినవాళ్లకు పిక్క ముందు ఎముక నొప్పి పట్టుకునేది ఈ తేడా వల్లే.

మధ్యలో నడవడం తప్పు కాదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన అమెరికా రన్నర్ జెఫ్ గాలోవే ఈ పరుగు-నడక పద్ధతిని ప్రపంచమంతా తిప్పాడు. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. అలసిపోయాక నడిస్తే లాభం లేదు, మొదటి కిలోమీటరు నుంచే గడియారం చూసి నడవాలి. తొలి హాఫ్‌కి ఇంతకంటే క్షేమమైన దారి లేదు.

పదహారు వారాల లెక్క

వారానికి మూడు పరుగులు చాలు: మంగళవారం, గురువారం, ఆదివారం. ఆదివారంది లాంగ్ రన్. ఆ రోజు దూరాలు కిలోమీటర్లలో ఇలా పెరగాలి:

1 నుంచి 4 వారాలు: 5, 6, 7, 5
5 నుంచి 8 వారాలు: 8, 9, 10, 7
9 నుంచి 12 వారాలు: 12, 13, 14, 10
13 నుంచి 16 వారాలు: 16, 18, 11, రేసు

నాలుగో, ఎనిమిదో, పన్నెండో వారాల్లో దూరం తగ్గడం గమనించండి. "బాగానే ఉన్నా కదా" అని ఆ వారాల్ని దాటేయకండి. ఒళ్లు కోలుకుని గట్టిపడేది అప్పుడే. ప్రాక్టీసులో 21 కిలోమీటర్లు పరుగెత్తనవసరం లేదు, 18 చేసినవాళ్లు రేసు రోజు మిగతా మూడు లాక్కెళ్లగలరు.

మంగళవారం, గురువారం మొదట్లో అరగంట, పోనుపోను 50 నిమిషాలు. తొమ్మిదో వారం నుంచి గురువారం మాత్రం కాస్త వేగం కలపొచ్చు: పది నిమిషాలు మెల్లగా పరుగెత్తి, ఎనిమిది నిమిషాలు కాస్త గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా, మళ్లీ ఎనిమిది నిమిషాలు గట్టిగా, ఆఖర్న పది నిమిషాలు మెల్లగా. ఏదైనా నొప్పి ఉంటే ఆ వారం ఈ వేగం సంగతే వద్దు.

బుధవారం, శుక్రవారం ఇంట్లోనే ఇరవై నిమిషాలు కండరాల పని. గుంజీలు, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, ప్లాంక్ (బోర్లా ఉండి మోచేతులు, మునివేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలిపి ఉంచడం). వీటన్నిటికంటే ముఖ్యమైనది మెట్టు మీద చేసేది. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి గోడ పట్టుకోండి. రెండు కాళ్లతో పైకి లేవండి. ఒక కాలు తీసేసి, రెండో కాలి మడమ మెట్టు కిందికి దిగేదాకా మెల్లగా మూడు అంకెలు లెక్కపెడుతూ దించండి. ఒక్కో కాలికి పదిహేను చొప్పున రెండు సార్లు. పిక్కలకు, మడమ వెనక టెండన్‌కి ఇంతకంటే మంచి కాపలా నాకు తెలిసి లేదు. సోమవారం, శనివారం విశ్రాంతి.

ఉక్కపోత, వాయుగుండం

మన దగ్గర సెప్టెంబరులో తెల్లవారుజామున ఐదింటికి కూడా చెమట కారిపోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. గుండె అదే వేగానికి ఎక్కువ కష్టపడుతుంది. కాబట్టి కిలోమీటరుకు అర నిమిషం, నిమిషం ఆలస్యమైతే మీ ఫిట్‌నెస్ తగ్గిందని టెన్షన్ పడకండి. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పధ్నాలుగు రోజులు పడుతుంది. ఏసీ గదిలో పనిచేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఆదివారం నాలుగున్నరకు మొదలుపెట్టి ఏడులోపు ఇంటికి చేరేలా చూసుకోండి.

వణుకు, వాంతులు, మాట తడబడటం, ఎటు వెళ్తున్నామో తెలియకపోవడం, ఇవి వడదెబ్బ లక్షణాలు. చెమట పడుతున్నా సరే వడదెబ్బ తగలొచ్చు. వెంటనే నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయాలి. మనిషి మత్తుగా ఉంటే నోట్లో నీళ్లు పోయకూడదు.

అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. నెల్లూరుకు ఏడాది వానలో పెద్దవాటా అప్పుడే. సరిగ్గా మీ లాంగ్ రన్లు పెరిగే సమయానికి బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడుతుంది. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర హైవేనే కోసుకుపోయింది. ఈ రెండు నెలల్లో ఒకటి రెండు ఆదివారాలు పోతాయని ముందే అనుకోండి. పోయిన లాంగ్ రన్‌ని బుధవారానికి మార్చుకోవచ్చు, అదీ కుదరకపోతే వదిలేయండి. వచ్చే ఆదివారం రెండూ కలిపి లాగించడం మాత్రం వద్దు. చినుకుల్లో పరుగు హాయిగా ఉంటుంది, పిడుగులు పడుతుంటే బయటికి రాకండి. నీళ్లు నిలిచిన వీధుల్లోకి అసలు దిగొద్దు, కాలవ ఎక్కడుందో మ్యాన్‌హోల్ ఎక్కడుందో కనపడదు. అపార్ట్‌మెంట్ మెట్లు అరగంట ఎక్కి దిగితే ఆ రోజుకు అంతే.

ఎక్కడ పరుగెత్తాలి

పదహారో నంబరు హైవే మీద వద్దే వద్దు, సర్వీసు రోడ్డు మీదయినా లారీలు ఎదురొస్తాయి. నెల్లూరు వాళ్లు చాలామంది మైపాడు రోడ్డు ఎంచుకుంటారు. తెల్లవారుజామున రొయ్యల గుంటల్లో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్న చప్పుడు, మేత వాసన, గుంటల గట్ల మీద కొంగలు. ఎండెక్కాక మాత్రం నీడ తక్కువ, వాటర్ ప్యాకెట్ దొరికే కొట్టు కూడా తెరిచి ఉండదు. అందుకే బండి మీద నీళ్లు పట్టుకుని వచ్చేవాళ్లుంటేనే అటు వెళ్లండి. లేకపోతే ఇంటి చుట్టూ మూడు కిలోమీటర్ల రౌండు గుర్తుపెట్టుకుని, ఒక్కో రౌండుకి గేటు దగ్గర పెట్టిన బాటిల్ తాగి కదలండి. ఒంగోలు వాళ్లకు కొత్తపట్నం రోడ్డుకూ ఇదే మాట.

మైపాడు దాకా వెళ్లాక ఇసుకలో పరుగెత్తాలనిపిస్తుంది. మెత్తటి ఇసుక పిక్కల్ని పీకేస్తుంది, తడి ఇసుక ఒక పక్కకు వాలి ఉంటుంది కాబట్టి ఒక మోకాలి మీదే భారం పడుతుంది. లాంగ్ రన్ రోడ్డు మీద ముగించి, బీచ్‌లో చెప్పులు లేకుండా నడవండి.

రోడ్డుకు కుడిపక్కన, ఎదురొచ్చే బండ్లు కనపడేలా పరుగెత్తాలి. రోడ్డు పనివాళ్లు వేసుకునే రేడియం జాకెట్ ఒకటి కొనుక్కోండి. ఇయర్‌ఫోన్ ఒక చెవికే. కుక్కలు వెంటపడితే పరుగు ఆపేయండి, పరుగెత్తే కొద్దీ అవి తరుముతాయి. నిలబడి, రాయి తీస్తున్నట్టు వంగితే చాలావరకు వెనక్కి తగ్గుతాయి. కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్లలో కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబీస్ టీకా మొదలుపెట్టాలి. చిన్న గీరే కదా అనుకోవద్దు.

తిండీ నీళ్లూ

ప్రత్యేకమైన డైట్ అక్కర్లేదు. అన్నం, పప్పు, గుడ్లు, చేపలు, పెరుగు మామూలుగా తినేదే కాస్త ఎక్కువ తినండి. మన ప్లేట్లో అన్నం సరిపడా ఉంటుంది, పప్పూ గుడ్డూ తక్కువవుతాయి. ఆ పక్క చూసుకోండి.

లాంగ్ రన్ రోజు పొద్దున్నే ఒక అరటిపండు, లేదా రాత్రివి రెండు ఇడ్లీలు చట్నీ లేకుండా. గంటన్నర దాటే పరుగుల్లో కండరాల్లో నిల్వ ఉన్న పిండిపదార్థం తగ్గిపోతుంది, కాబట్టి గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందాలి. మాదిరి అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. ఖర్జూరాలు, బెల్లం ముక్క, ఎనర్జీ జెల్ ఏదైనా పరవాలేదు. పల్లీ చిక్కీ త్వరగా అరగదు. ఏది తిన్నా ముందు ఆదివారాల్లో తిని చూడండి, రేసు రోజు కొత్తది ఏదీ నోట్లో పెట్టకండి.

నీళ్లకు ఒక తేలిక లెక్క ఉంది. గంట పరుగుకు ముందు, తర్వాత చెమట తుడుచుకుని బరువు చూసుకోండి. మధ్యలో ఏమీ తాగకుండా కిలో తగ్గితే గంటకు దాదాపు లీటరు చెమట పోయినట్టు. అదంతా పరుగులోనే నింపక్కర్లేదు, దాహం వేసినప్పుడల్లా తాగితే చాలు. భయంతో కడుపు నిండా నీళ్లు పట్టిస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. పరుగు తర్వాత బరువు పెరిగితే మరీ ఎక్కువ తాగినట్టు. ఇంట్లో కలుపుకోవాలంటే లీటరు నీళ్లలో ఆరు చదును టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. ఇంటికి రాగానే ఉప్పేసిన పలుచటి మజ్జిగ.

నొప్పులు: ఏది భరించాలి, ఏది చూపించాలి

రెండు తొడలూ సమానంగా బరువెక్కి, ఒకటి రెండు రోజుల్లో తగ్గేది మామూలు నొప్పి. ఒకే కాలికి, ఒకే చోట, వేలితో చూపించగలిగే నొప్పి వేరు. పిక్క ముందు ఎముక మీద నొక్కితే ఒక బిందువు దగ్గర ప్రాణం పోతుంటే అది ఎముకలో సన్నటి చీలిక కావచ్చు, పరుగు ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించాలి. నొప్పి వల్ల నడక వంకరపోతుంటే ఆ రోజు పరుగు లేదు.

మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే నొప్పి మాత్రలు వేసుకుని పరుగెత్తకండి. ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కిడ్నీల మీద దెబ్బ కొడతాయి.

ఆఖరి రెండు వారాలు, రేసు రోజు

18 కిలోమీటర్ల ఆదివారం తర్వాత దూరం తగ్గించండి. ఈ రెండు వారాల్లో ఎంత పరుగెత్తినా రేసుకు లాభం రాదు, అలసట మాత్రం వస్తుంది. కాళ్లు దురద పెడుతుంటాయి, లేని నొప్పులు కనపడతాయి. నిద్రపోండి.

బిబ్ నంబరు, అంటే ఛాతీ మీద పెట్టుకునే రేసు నంబరు, మామూలుగా ముందురోజే తీసుకోవాలి, గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. టైమ్ కొలిచే చిప్ ఆ బిబ్‌కే అంటించి ఉంటే మడవకండి. నెల్లూరు నుంచి పొద్దున బండికి వెళ్లి, బిబ్ తీసుకుని, స్టార్టింగ్ పాయింట్ దగ్గర్లో గది తీసుకుంటే మంచిది, ఎందుకంటే రేసు తెల్లవారకముందే మొదలవుతుంది. ఆ రాత్రి చేపల పులుసు వద్దు. కారం, చింతపండు, ముల్లు, మూడూ మర్నాడు ఏదో ఒక రకంగా గుర్తొస్తాయి. అన్నం, పప్పు, పెరుగు చాలు.

ఇక వేగం. కిలోమీటరుకు 7 నిమిషాలైతే 21.1 కిలోమీటర్లకు సుమారు 2 గంటల 28 నిమిషాలు, 8 అయితే 2 గంటల 49 నిమిషాలు. మీ లాంగ్ రన్ల వేగాన్ని బట్టి ఒకటి ఎంచుకుని, మొదటి ఐదు కిలోమీటర్లు దానికంటే పదిహేను ఇరవై సెకన్లు నెమ్మదిగా వెళ్లండి. చుట్టూ వేలమంది, మైకులు, డప్పులు, అందరూ దూసుకుపోతుంటారు. అక్కడ ఆగగలిగితే పదహారో కిలోమీటరు తర్వాత వాళ్లలో చాలామంది నడుస్తూ కనిపిస్తారు. నీళ్ల టేబుల్ దగ్గర నడుస్తూ తాగండి, కప్పు అంచు నొక్కితే మీద ఒలకదు. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే పక్కకు వచ్చి వాలంటీర్‌ని పిలవండి.

గీత దాటాక వెంటనే కూర్చోకండి, పది నిమిషాలు నడిచి అరటిపండు తినండి. తర్వాత రెండు రోజులు మెట్లు ఎక్కడం కంటే దిగడమే కష్టం, వెనక్కి తిరిగి దిగితే కాస్త నయం. తిరుగు టికెట్ మధ్యాహ్నం దాటాక బండికి, కాళ్లు చాపుకునే సీటుకు చేయించుకోండి. వారం పాటు నడకే. సంక్రాంతి కూడా అప్పుడే వస్తుంది, అరిసెలకు లెక్క చూసుకోనక్కర్లేదు. ఏ నొప్పీ లేకపోతే పండగయ్యాక అరగంట పరుగుతో మళ్లీ మొదలుపెట్టొచ్చు.